ఆగితే వినపడేది

కంప్రెసరు గదిలో పనిచేసేవాడికి కంప్రెసరు వినపడదు. కొత్తవాళ్ళు గుమ్మంలోనే చెవులు మూసుకుంటారు. కొన్నాళ్ళు పోతే వాళ్ళకీ ఆ మోత గోడలాగా, నేలలాగా అయిపోతుంది. ఉంటుంది, అంతే. కానీ అది ఆగిందా, కునుకు తీస్తున్నవాడు కూడా ఉలిక్కిపడి లేస్తాడు. గుండ్లవాగు పాల సంఘంలో నాసరయ్య అలా ఎన్నిసార్లు లేచాడో. కరెంటు పోయినప్పుడు లైట్లు ఆరడం అతను చూసేవాడు కాదు. మోత ఆగడమే వినేవాడు.

ఆ గదికీ కోల్డు రూముకీ మధ్య ఒకటే గోడ. గోడకి చెయ్యి దూరేంత కంత. అవతల పాల ప్యాకెట్ల ట్రేలు పేర్చే ఆడవాళ్ళు, ఇవతల వాళ్ళకి చలి పుట్టించే నాసరయ్య. ఆ చలి అమ్మోనియా గ్యాసుతో వస్తుంది. గొట్టాల్లో తిరిగినంతసేపు అది సాధు జంతువు. బయటపడిందంటే మాత్రం మనిషి ఒంట్లో తడి ఎక్కడుంటే అక్కడ కాలుస్తుంది. కన్ను, గొంతు, ఊపిరితిత్తి. వెనకెప్పుడో అది కారి, లోపలున్నవాడు పడిపోయి, ఎవరూ చూసుకోక చనిపోయాడట. అప్పటినించి అక్కడొక కట్టుబాటు. కోల్డు రూములోకి పోయినవాళ్ళు నోరు మూయకూడదు. ట్రేలు లెక్కపెట్టుకో, పాట పాడుకో, మొగుణ్ణి తిట్టుకో, నీ ఇష్టం. గొంతు మాత్రం ఆడుతూ ఉండాలి. కంతకి ఇవతల ఉన్నవాడు చెవి అటేసి ఉంచాలి. దాన్ని కూత అనేవాళ్ళు.

వెంకాయమ్మ కూత పాట. నాట్లప్పటి పాటలు ఎన్నో వచ్చు ఆమెకి, ఒకదాని తోక ఇంకోదానికి కట్టి లాగేది. సీతారావమ్మ కూత తిట్లు. సీతారావమ్మ నాసరయ్య పెళ్ళాం కాబట్టి ఆ తిట్లు ఎవరికి పోతున్నాయో ఫ్యాక్టరీ అంతా ఎరుగుదురు.

"ఇంట్లో చాలక ఇక్కడ కూడానా?" అని కంతలోంచి అరిచేవాడు నాసరయ్య.

"సంఘమోళ్ళే జీతమిచ్చి తిట్టమంటన్నారయ్యా, నన్నేం చెయ్యమంటావ్!" అనేది లోపల్నించి. వెంకాయమ్మ పాట మధ్యలో నవ్వేది.

ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే తగాదా. ఒక ఎండాకాలం పాల ట్యాంకరు వచ్చి గేటు దగ్గర నిలబడింది. పాలు దించుకునేవాళ్ళు ల్యాబువాళ్ళ మీద, ల్యాబువాళ్ళు ప్యాకింగువాళ్ళ మీద, ప్యాకింగువాళ్ళు నాసరయ్య మీద పడ్డారు. ఎవరి పనీ ఎవరూ చెయ్యలేదు, పక్కవాడి పని ఎలా చెయ్యాలో మాత్రం అందరూ చెప్పారు. వాళ్ళ మాటలు తెగేసరికి ట్యాంకరు పాలు విరిగిపోయాయి. తెల్లటి విరుగుడు కాలవలో పారుతుంటే కాకులు కూడా మూతి తిప్పుకున్నాయి.

అప్పుడు సంఘం హిమజని పిలిపించింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు కూతురు. పట్నంలో బ్యాంకులకి ప్రోగ్రాములు రాసి పేరు తెచ్చుకున్న పిల్ల. వచ్చీరాగానే మాట్లాడలేదు. ఒక్కో గదిలో ఒక్కో రోజు ఊరికే కూర్చుంది. కంప్రెసరు గదికొచ్చిన రోజు చెవులు మూసుకుని అడిగింది.

"ఈ మోతలో ఎలా ఉంటున్నారు బాబాయ్?"

"మోతా? ఎక్కడమ్మాయ్?"

ఆమె పకపకా నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. నాసరయ్య మొహం వంక, ఆ తర్వాత అతని చెవి వంక చాలాసేపు చూసింది. ఆ చూపు అతనికి తర్వాత తర్వాత గుర్తుకొచ్చేది.

అందరినీ షెడ్డులో కూర్చోబెట్టి హిమజ చెప్పింది ఇది. "పెద్ద ప్రోగ్రాము పాడయ్యేది దాని భాగాలు చెడ్డవై కాదండీ. ఒక భాగం ఇంకో భాగం కడుపులో చెయ్యి పెట్టడం వల్ల. అందుకే ఒక్కో భాగాన్నీ ఒక్కో గదిగా కడతాం. ఏ గది పని ఆ గదికే తెలియాలి. పక్కగదితో పనుంటే ఒకటే కిటికీ, ఆ కిటికీలోంచి ఒకటే రకం మాట. మిగతాది ఏదీ గడప దాటకూడదు. ఈ ఫ్యాక్టరీని కూడా అలా తిరగరాద్దాం."

"అదంతా బాగానే ఉందిగానీ, మా నోళ్ళు ఎట్టా ఆపుతావమ్మా?" అంది వెంకాయమ్మ.

"నోళ్ళు ఆపక్కర్లేదు పెద్దమ్మా. చెవులే చూసుకుంటాయి."

జొన్నగింజంత పూస అది. చెవి లోపల పెడతారు. నాసరయ్యకి ఆమె స్వయంగా పెట్టింది. "ఇది చప్పుడుని ఆపదు బాబాయ్. కంప్రెసరు మీ చెవిలో పడుతూనే ఉంది కదా, మరి వినపడదేం? అక్కర్లేదని మనసు వదిలేసింది. దానికి నెలలు పట్టింది. ఈ పూస ఆ వదిలెయ్యడాన్ని తొందరగా నేర్పుతుంది. అన్నీ కాదు. పక్కగదుల వాళ్ళ గొంతుల్లో వాళ్ళ పని మాటలు మాత్రమే. మీ ఆవిడ తిట్లు మీకు అలాగే ఉంటాయి, బెంగ పెట్టుకోకండి."

"చెవిలో పువ్వు పెడతారనుకుంటే పూస పెట్టారు," అన్నాడు నాసరయ్య. అందరూ నవ్వారు.

మంచే జరిగింది. అది ఒప్పుకోవాలి. తగాదాలు ఎండాకాలం గుంటలో నీళ్ళలాగా ఇంకిపోయాయి. ప్రతి గది గుమ్మం మీదా ఒక దీపం పెట్టారు. యంత్రం ఆ గదిని అస్తమానం పరీక్ష చేస్తుంటుంది. గది పని సరిగ్గా ఉంటే పచ్చ, లేకపోతే ఎరుపు. పచ్చదీపాలు వరసగా వెలుగుతుంటే చూడ్డానికి తిరనాళ్ళలాగా ఉండేది. పాలు విరగడం మానేశాయి. కూతని కూడా తీసేశారు. "ఎవరూ పిలవని పనిని ప్రోగ్రాములో ఉంచకూడదు," అంది హిమజ. గ్యాసు కారితే పసిగట్టే పరికరం కోల్డు రూము కప్పుకి బిగించారు. అది ఉండగా పాటలెందుకు, తిట్లెందుకు? అయినా అలవాటు చావదు. లోపల వెంకాయమ్మ పాడుతూనే ఉండేది, సీతారావమ్మ తిడుతూనే ఉండేది. పూస లెక్కలో కోల్డు రూములోంచి వచ్చే ఆ పాటా తిట్లూ కూడా పని మాటలే. కంత ఇవతల నాసరయ్యకి అవి వినపడటం ఎప్పుడు మానేశాయో అతనికి తెలియదు. మానేసినట్టు కూడా తెలియలేదు.

తెలిసింది ఇంట్లో.

ఇంటికి పోయేటప్పుడు పూస తీసి డబ్బాలో వేసి పోవాలి. ఆ సాయంత్రమూ తీసేశాడు. చేపల పులుసు కలుపుకుని తింటున్నాడు. ఎదురుగా సీతారావమ్మ, గోడవార అత్త బసవమ్మ. బసవమ్మకి చెవుడు. ఇరవయ్యేళ్ళ చెవుడు. ఉన్నట్టుండి ఆమె కంచం మీద చేత్తో కొట్టింది.

"ఏమయ్యా నాసరయ్యా! నేనంటే చెవిటిదాన్ని. నీకేమొచ్చింది? అది ఇందాకట్నించీ మొత్తుకుంటంటే గోడకి చెప్పినట్టుందే!"

"పులుసులో చింతపండు ఎక్కువైందనేగా? బాగానే ఉందన్నాగా."

సీతారావమ్మ చేతిలో ముద్ద ఆగింది. "నేను చెప్పినదాంట్లో నీకు పులుసొక్కటే వినబడిందా?"

"ఇంకేం చెప్పావు?"

ఆమె చెప్పింది. నాసరయ్య ఆమె మొహమే చూస్తున్నాడు. పెదాలు కదిలాయి. కనుబొమలు ముడిపడ్డాయి, చెయ్యి గాల్లో ఏదో గొట్టాన్ని చూపించింది. గాజులు గలగలమన్నాయి, అవి వినపడ్డాయి. ఫ్యాను రెక్క గీరుకుంటున్న చప్పుడు వినపడింది. బయట ఎవరిదో గేదె అరిచింది. పెదాల్లోంచి మాత్రం ఏమీ రాలేదు. నిశ్శబ్దమైనా వచ్చి ఉంటే పట్టుకునేవాడేమో. అది కూడా కాదు. అక్కడ ఏదో లేదన్న సంగతే మనసుకి తోచడం లేదు. కళ్ళు చెప్తుంటేనే తెలుస్తున్నది. ఆ తర్వాత, "ఇంకొంచెం అన్నం పెట్టనా?" అన్నది గంట కొట్టినట్టు వినపడింది.

కంచం పక్కకి జరిపాడు.

"అత్తా, ఏమంటంది?"

బసవమ్మ చెవుడుతో పెదాలు చూసి బతకడం నేర్చుకున్న మనిషి. "ఏదో వాసనంట. లోపల మూల వాల్వు కాడ. కళ్ళు మండతన్నయ్యంట. వారంబట్టీ రోజూ నీతో చెప్తానే ఉందంట." నోట్లో ముల్లు తీసి పక్కన పెట్టింది. "పెళ్ళాం మాట వినని మొగుళ్ళని చాలామందిని చూశాగానీ, ఇట్టా వినకపోడం ఎక్కడా చూళ్ళేదు."

వాసన. అమ్మోనియా వాసన అతని ముక్కుకి ఏనాడో పాతబడిపోయింది. ఆ ఆడవాళ్ళ ముక్కులే వాల్వులకి కాపలా. ఇదివరకు కంతలోంచి "ఒరేయ్, కంపు!" అంటే చాలు, స్పానరు పట్టుకుని పరిగెత్తేవాడు.

మర్నాడు గదికి పోగానే మీటర్లన్నీ చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. గుమ్మం మీద పచ్చదీపం. కోల్డు రూము గుమ్మం మీదా పచ్చదీపమే. కప్పుకున్న పరికరానికి ఆ కాస్త వాసన ఆనలేదు. స్పానరు తీసుకుని అటు పోయాడు. తలుపు అతని కార్డుకి తెరుచుకోలేదు. "ఇది మీ గది కాదు" అని చిన్న అద్దం మీద అక్షరాలు మెరిశాయి. రిపేరువాళ్ళని పిలిచాడు. వాళ్ళు అతను చెప్పినంతసేపూ అతని మొహం చూసి, "ఏంది నాసరయ్యా, ఏమన్నా చెప్పాలా?" అన్నారు. ఫిర్యాదుల పెట్టెలో కాగితం రాసి వేశాడు. టీ పూటకల్లా జవాబు వచ్చింది. కోల్డు రూము పరీక్షించబడినది. దీపం పచ్చ.

అబద్ధం ఎక్కడా లేదు. ప్రతి గదీ తన పని తాను సరిగ్గా చేస్తోంది. గదికీ గదికీ మధ్య సందులో ఏముందో చూసే పని మాత్రం ఏ గదికీ లేదు.

తిన్నగా హిమజ దగ్గరికి పోయాడు. ఆమె అతన్ని చూసి లేచి నిలబడింది. మంచి పిల్ల, పెద్దవాళ్ళని చూస్తే లేస్తుంది.

"రండి బాబాయ్! ఎన్నాళ్ళైంది. కూర్చోండి."

"అమ్మాయ్, నా పెళ్ళాం మాట నాకు వినపడటంలా. పూస తీసినా వినపడటంలా."

హిమజ నవ్వుతూ చూస్తోంది. చెప్పబోతున్నవాడి కోసం ఎదురుచూసే నవ్వు అది.

"కోల్డు రూములో వాసనొస్తందంట. వాల్వు కారతందేమో. నన్ను లోపలికి పోనివ్వటంలా."

"మొహమాటం ఎందుకు బాబాయ్? చెప్పండి."

నాసరయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆమె చెవిలోకి చూశాడు. ఉంది. జొన్నగింజంత పూస. మొదటి రోజుల్లోనే ఆమె అన్న మాట గుర్తొచ్చింది. అందరూ వచ్చి అన్నీ నాతో మొత్తుకుంటుంటే నేను పని చెయ్యలేను, ఫిర్యాదులన్నీ ఫిర్యాదుల కిటికీకే పోవాలి. తను కట్టిన గదుల్లో తనకీ ఒక గది కట్టుకుంది.

అరిచాడు. గొంతు పగిలేట్టు అరిచాడు. "మనుషులు చస్తారమ్మాయ్!"

వరండాలో కాఫీలు మోసే మనిషి తలుపు తోసి తొంగి చూశాడు. హిమజ కళ్ళు కూడా ఆర్పలేదు. "మీ గది దీపం ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది బాబాయ్. మీ గదిని చూసి నేర్చుకోమని అందరికీ చెప్తుంటాను." ఆమె చూపు అతని చేతుల మీద పడింది. "అదేంటి, చేతులు అలా వణుకుతున్నాయి? జ్వరమా? సెలవు కావాలా?"

చూస్తుంది. జాలి పడుతుంది. వినదు. నాసరయ్యకి రాత్రి సీతారావమ్మ మొహం గుర్తొచ్చింది. ఆమె ఎదురుగా కూర్చుని తను ఎంత నవ్వుతూ పులుసు బావుందన్నాడో గుర్తొచ్చింది. ఇలాగే ఉండి ఉంటుంది దానికి, అనుకున్నాడు. వారం రోజులూ.

బయటికొస్తుంటే గేటు దగ్గర వెంకాయమ్మ ఎదురైంది. "రేపు మా పిల్ల కాడికి పోతన్నానయ్యా, నీళ్ళాడింది," అంది. అది ఇంటి మాట, వినపడింది. ఆ వెంటనే ఇంకేదో అంది. వినపడలేదు. అది ఫ్యాక్టరీ మాట అయి ఉంటుంది. నాసరయ్య తల ఊపి నడిచాడు.

ఇంటికి పోయి బసవమ్మ ముందు కూర్చున్నాడు. "అత్తా, రేపు నువ్వు ఫ్యాక్టరీకి రావాలి."

"నాకేం పనయ్యా ఆడ? పాలు పితకనా?"

"నువ్వు ఏ గది మనిషివీ కాదు. నీ గొంతుని వదిలెయ్యమని ఆ పిల్ల చెవికి ఎవరూ నేర్పలా. నువ్వు చెప్తే వినపడద్ది."

బసవమ్మ అతని పెదాలే చూస్తూ విన్నది. హాస్యమాడలేదు. "సద్ది తీసుకుని వస్తాలే," అంది.

తెల్లారి సీతారావమ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుంటుంటే అడ్డం నిలబడ్డాడు. "ఇయ్యాల పోబాకే."

ఆమె ఏదో అంది. కొంగు చూపించింది, దాన్ని ముక్కుకి కట్టుకుని చూపించింది. తర్వాత వినపడింది. "పొయ్యి మీద పప్పుంది, దించమని అమ్మకి చెప్పు." చెప్పులు వేసుకుని పోయింది.

నాసరయ్య ఆ పొద్దున పూస పెట్టుకోలేదు. పెట్టుకోకపోతే ఏమన్నా తేడా ఉంటుందేమోనని కంత దగ్గర స్టూలు వేసుకుని చెవి ఆనించి కూర్చున్నాడు. అవతల సీతారావమ్మ ఉందని తెలుసు, వెంకాయమ్మ ఈపాటికి కూతురి దగ్గరికి పోయి ఉంటుంది. ట్రేలు నేలకి తగులుతున్న చప్పుడు వస్తోంది. గొంతు లేదు. లేదని కూడా అనిపించడం లేదు. మీటర్లు చూశాడు. మళ్ళీ కంత దగ్గరికి వచ్చాడు. గడియారం వంక, గేటు వంక చూస్తున్నాడు. అత్త ఇంకా రాలేదు. ముసలామె నడకకి పొద్దెక్కుతుంది.

ఉలిక్కిపడి లేచాడు.

ఏదో ఆగింది.

కంప్రెసరు ఆగిందనుకుని దాని మీద చెయ్యేశాడు. ఆడుతోంది. పంపులు ఆడుతున్నాయి. ఫ్యాన్లు ఆడుతున్నాయి. లైట్లు వెలుగుతున్నాయి. అన్నీ ఉన్నాయి. కానీ ఏదో ఆగింది. ఇన్నేళ్ళ ఒళ్ళు అబద్ధం చెప్పదు. మోత ఆగినప్పుడు ఎలా పట్టుకుంటుందో అలాగే పట్టుకుంది. పిచ్చివాడిలాగా గది నాలుగు మూలలా తిరిగాడు. ఆగినదేమిటి?

కంత వంక చూశాడు.

తనకి వినపడనిది. వినపడకుండానే ఇంతసేపూ చెవిలో పడుతూ ఉన్నది. తిట్లు.

ముందు కాళ్ళు మెయిన్ వాల్వు దగ్గరికి పరిగెత్తాయి. దాన్ని తిప్పి గ్యాసు కట్టేశాడు. తువ్వాలు తొట్టిలో ముంచి మొహానికి చుట్టుకున్నాడు. పెద్ద స్పానరు తీసుకుని కోల్డు రూము తలుపు మీద పడ్డాడు. ఇది మీ గది కాదు, మెరిసింది అద్దం. మొదట అద్దాన్నే పగలగొట్టాడు. గ్యాసు కప్పు మీది పరికరం దాకా ఇంకా ఎక్కలేదేమో, తలుపు మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఎన్ని దెబ్బలు వేశాడో, తాళం ఊడింది.

లోపల తెల్లటి పొగ. కళ్ళలో కారం చల్లినట్టయింది. గోడ పట్టుకుని పోయాడు. కాలికి మెత్తగా తగిలింది. కొంగు ముక్కుకి కట్టుకుని ఉంది, అదే ఆమె ప్రాణం నిలిపింది. చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చాడు. వరండా దాటించి కుళాయి కింద పడుకోబెట్టి నీళ్ళు వదిలాడు. సీతారావమ్మ కళ్ళు మూసుకుపోయి వాచి ఉన్నాయి. దగ్గింది. ఊపిరి తీసింది.

"బతికావే! బతికావు! ఏం కాదు!"

ఆమె పెదాలు కదిలాయి.

"ఏందే? నీళ్ళా?" దోసిట నీళ్ళు నోట్లో పోశాడు. ఉమ్మేసింది. చొక్కా పట్టుకుని లాగింది. పెదాలు కదులుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి. అరుస్తోందని మెడ చూస్తే తెలుస్తోంది. లేవబోయింది. నాసరయ్య ఆమెని గట్టిగా పట్టుకున్నాడు. గ్యాసు పీల్చినవాళ్ళు అలాగే మతి లేకుండా కొట్టుకుంటారని విని ఉన్నాడు. "ఊరుకో, ఊరుకో, బయటికొచ్చేశాం," అంటూ రొమ్ముకి అదుముకున్నాడు. ఆమె పిడికిళ్ళతో అతని వీపు మీద గుద్దింది. ఇంకా గట్టిగా అదుముకున్నాడు. కుళాయి నీళ్ళు వినపడ్డాయి. ఎవరో పరిగెత్తుకొస్తున్న చెప్పుల చప్పుడు వినపడింది. ఆమె గుద్దులు మెల్లగా అయ్యాయి. పెదాలు మాత్రం అతని భుజం మీద, తడిచొక్కా మీద, కదులుతూనే ఉన్నాయి. ఆ కదలిక చర్మానికి తెలుస్తోంది.

గేటు దగ్గర సద్ది గిన్నెతో బసవమ్మ కనిపించింది. కూతుర్ని చూసి గిన్నె వదిలేసి వచ్చింది. వంగి కూతురి పెదాలు చూసింది. చూసిన మనిషి నిటారుగా అయింది.

"వెంకాయమ్మ!" అని కేక పెట్టింది. "లోపల వెంకాయమ్మ ఉందంటయ్యా! అదే చెప్తందయ్యా, లోపల వెంకాయమ్మ!"

ట్రేల వెనకాల ఉంది వెంకాయమ్మ. కూతురి దగ్గరికి పోలేదు. పొద్దున డ్యూటీ చేసుకునే పోతానని గేటు దగ్గర చెప్పింది, నాసరయ్యకి వినపడని మాట అదే. నలుగురూ మోసుకొచ్చి ఎండలో పడుకోబెట్టారు. నోరు తెరిచి ఉంది, పాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నట్టు. ఇక లేవలేదు.

విచారణ జరిగింది. ఒక్కో గదిని పిలిచి అడిగారు. ఒక్కో గదీ చూపించింది, తన దీపం పచ్చగానే ఉందని. కాగితాల్లో ఎవరి తప్పూ దొరకలేదు. పూసలన్నీ ఊడదీయించారు.

హిమజ ఇంటికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బసవమ్మ ఆమెని గడపలోనే నిలబెట్టి, కొంగు దోపుకుని, ముందునించీ మొత్తం చెప్పింది. వాసన సంగతీ, నాసరయ్య ఆమె గదికొచ్చి అరిచిన సంగతీ. అది విని హిమజ గోడ పట్టుకుంది.

"బాబాయ్ వచ్చారు. కూర్చున్నారు. ఏమీ చెప్పలేదు. చేతులు వణుకుతున్నాయి. ఏమీ చెప్పలేదు కదా బాబాయ్..." అని మధ్యలో ఆగి అతని వంక చూసింది.

"చెప్పానమ్మాయ్," అన్నాడు నాసరయ్య.

ఆమె అతని పెదాలనే చూస్తోంది. ఆ చూపు అతనికి తెలుసు. ఆమెకి ఇప్పుడు కూడా వినపడలేదు.

"మళ్ళీ వినపడద్దా అమ్మా మీకు?" బసవమ్మ అడిగింది.

"నేర్పడం తెలుసు పెద్దమ్మా. మరిపించడం నాకు తెలియదు." మెట్ల మీద కూలబడింది.

సీతారావమ్మకి ఒక కన్ను తెరుచుకుంది. ఒకటి తెరుచుకోలేదు. పప్పు, పొయ్యి, వాన, పక్కింటివాళ్ళ కోడిపుంజు, ఇవన్నీ మాట్లాడుకుంటారు మొగుడూ పెళ్ళాం. పొద్దువాలినప్పుడు మాత్రం ఆమె అరుగు మీద కూర్చుని ఏదో చెప్తుంది. రోజూ. బసవమ్మ లోపలికి పోతుంది. ఏం చెప్తుందో నాసరయ్య అత్తని అడగడు. అది అత్త నోట వినాల్సిన మాట కాదు.

దానికి బదులు అత్త దగ్గర పెదాలు చూడటం నేర్చుకుంటున్నాడు. పదాలన్నిటికీ రూపం ఉంటుందంటుంది బసవమ్మ. నాలికతో పలికేవి దొంగలు, దొరకవు. పెదాలు కలిస్తే పట్టుకో, అంటుంది. వయసుమీరిన బుర్ర. మెల్లగా ఎక్కుతోంది.

ఆ సాయంత్రం ఆమె ఎదురుగా చతికిలబడి, మొహంలోకి మొహం పెట్టి చూశాడు. సీతారావమ్మ మొదలుపెట్టింది. పెదాలు విడ్డాయి. సాగాయి. చివర గట్టిగా ఒకదానితో ఒకటి కలిసి, విడిపోయాయి. మళ్ళీ అదే. విడ్డాయి, సాగాయి, కలిశాయి. ఒకటే పదం. మళ్ళీ మళ్ళీ ఒకటే.

నాసరయ్య తన పెదాలతో చప్పుడు లేకుండా ఆమె వెనకే అని చూశాడు. అన్నాక అర్థమైంది. అతని నోట్లోంచే బయటికి వచ్చింది.

"వెంకాయమ్మ."

సీతారావమ్మ ఆగింది. ఒంటికన్నుతో అతన్ని చూసింది.

ఆ ఆగడం నాసరయ్యకి తెలిసింది. ఒళ్ళంతా ఆ పొద్దున లేచినట్టే లేచింది. వాల్వు వెతుక్కుంటున్నట్టు చేతులు గాల్లోకి పోయి, ఆమె మోకాళ్ళని పట్టుకున్నాయి.

"ఆపబాకే," అన్నాడు. "నన్ను తిట్టు. ఏమన్నా అను. నాకు వినపడదు. నువ్వు మాత్రం ఆపబాక."